తొట్టికో కుక్క, వరసగా వెయ్యిన్నర బళ్ళు: యూట్ రికార్డు జాతర జరిపించే పద్ధతి

పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి బ్రూక్టన్ మీదుగా ఓ 230 కిలోమీటర్లు లోపలికి వెళ్తే కొరిగిన్ అనే ఊరొస్తుంది. చుట్టూ గోధుమ పొలాలు, గొర్రెల మందలు. మొత్తం కలిపినా వెయ్యిమంది పైచిలుకు జనం. 2002లో ఒక రోజు ఆ ఊళ్ళో 1,527 యూట్లు, అంటే వెనక తొట్టి ఉన్న పికప్ లాంటి బళ్ళు, వరస కట్టాయి. ఒక్కో యూట్ వెనక తొట్టిలో ఒక కుక్క. అంటే ఊళ్ళో ఉన్న మనుషుల కన్నా వచ్చిన బళ్ళే ఎక్కువ. ఆ సంఖ్యే ఈ పిచ్చి పందానికి కొలబద్దగా నిలిచింది.

కుక్కల మీద ఈ ఊరి ప్రేమ ఆ రోజుతో పుట్టింది కాదు. ఊరికి పడమరగా హైవే పక్కన కుక్కల శ్మశానం ఉంది. 1974లో స్థానికుడొకాయన తన కుక్క స్ట్రైక్‌ను అక్కడ పూడ్చిపెట్టి రాయి పాతాడు. తర్వాత ఒకరిని చూసి ఒకరు తెచ్చి పూడ్చారు. ఇప్పుడక్కడ పేర్లు చెక్కిన రాళ్ళు వందకు పైనే.

పశ్చిమ ఆస్ట్రేలియా పల్లెల్లో ఉద్యోగానికో, ఆసుపత్రి డ్యూటీకో దిగిన తెలుగువాళ్ళను ఏడాది తిరిగేలోపే ఊరివాళ్ళు ఏదో ఒక కమిటీలోకి లాగుతారు. "నీకు లెక్కలు బాగా వచ్చటగా" అంటారు. ఈ మార్గదర్శి అలా దొరికిపోయినవాళ్ళ కోసం. ఇలాంటి జాతరలో జనాన్ని రప్పించడం కష్టం కాదు. తొట్టిలో నిలబడ్డ కుక్క ఎంతసేపు ఎదురుచూడాలన్నదే అసలు చిక్కు. ఆ ఒక్క ప్రశ్న దగ్గర మొదలుపెడితే మిగతా ఏర్పాట్లన్నీ దాని వెంటే కుదురుకుంటాయి.

యూట్ అంటే ఏంటో తేల్చుకోండి

మన బొలెరో పికప్‌కు దగ్గరి చుట్టం అనుకోండి. అయితే పుట్టుక వేరు. 1930ల మొదట్లో విక్టోరియాకు చెందిన ఒక రైతు భార్య ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసిందని చెప్తారు. ఆదివారం చర్చికి దర్జాగా వెళ్ళడానికీ, సోమవారం పందుల్ని సంతకు తోలడానికీ ఒకే బండి కావాలని అడిగిందట. గీలాంగ్ ఫ్యాక్టరీలో లూ బాండ్ట్ అనే యువ డిజైనర్ గీసిన బండి 1934లో బయటికొచ్చింది. ముందు సగం కారు, వెనక సగం తొట్టి. యుటిలిటీ అన్న మాట జనం నోట్లో అరిగి యూట్ అయింది. ఫోర్డ్ ఫాల్కన్ యూట్ తయారీ 2016లో, హోల్డెన్ యూట్ తయారీ 2017లో ఆగిపోయాయి. ఇప్పుడు రోడ్ల మీద ఎక్కువగా కనిపించేవి టొయోటా హైలక్స్, ఫోర్డ్ రేంజర్ లాంటివి.

ఈ చరిత్రతో మీకేం పని అనుకోకండి. గేటు దగ్గర జరిగే మొదటి గొడవే "ఇది యూటేనా?" అని. వెనక మూత బిగించినది, నాలుగు తలుపులది, వ్యాను కోసి చేసుకున్నది, ట్రెయిలర్ తగిలించిన కారు, అన్నీ వస్తాయి. నిర్వచనం ముందే రాసుకుని పోస్టర్ మీద అచ్చువేయండి. "రోడ్డు రిజిస్ట్రేషన్ అమల్లో ఉండి, డ్రైవర్ గదికి వెనక తెరిచిన తొట్టి ఉన్న బండి" అంటే చాలా మటుకు సరిపోతుంది. కుక్కకూ నిర్వచనం కావాలి. తొట్టిలో ఎన్ని కుక్కలున్నా లెక్కకు బండి ఒక్కటే. డ్రైవర్ పక్క సీట్లో కూర్చున్న కుక్క లెక్కలోకి రాదు.

కుక్కలు లేకుండా యూట్లను మాత్రమే లెక్కపెట్టే జాతర ఇంకొకటుంది. న్యూ సౌత్ వేల్స్‌లోని డెనిలిక్విన్‌లో 1999లో మొదలైంది. 2018లో అక్కడ 9,736 యూట్లు చేరాయి. దానికి ఏళ్ళ తరబడి పెరిగిన వ్యవస్థ ఉంది, పాటగాళ్ళున్నారు. మీకున్నది ఒక ఓవల్ మైదానం, ఊరి వాలంటీర్లు. పోటీ పడకండి.

తేదీ: పొలం పంచాంగం చూడాలి

గోధుమ ప్రాంతంలో రైతులకు ఏడాదిలో రెండు కాలాలు ఊపిరాడనివి. ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ దాకా సాగే విత్తనాలు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కోతలు. ఆ రోజుల్లో పిలిస్తే వచ్చేది ట్రాక్టర్ లేనివాళ్ళే. కోతలయ్యాక వచ్చే జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎండ నలభై డిగ్రీలు తాకుతుంది. పైగా నిప్పు భయం. అగ్ని నిషేధం ప్రకటించిన రోజున పొలాల్లో బండి కదలడానికే ఆంక్షలుంటాయి. ఎండుగడ్డి మీద వేడి సైలెన్సర్ ఉన్న బండి నిలిపితే ఏమవుతుందో ఊరివాళ్ళకు మీరు చెప్పక్కర్లేదు.

అందుకని మిగిలేది ఏప్రిల్ మొదటి మూడు వారాలు, కాకపోతే ఆగస్టు, సెప్టెంబర్. నా ఓటు ఏప్రిల్‌కు. ఆగస్టులో వాన పడితే మైదానం బురదవుతుంది. వెయ్యి బళ్ళు తొక్కిన క్రికెట్ ఓవల్‌ను చూసి ఊరి క్రీడా సంఘం మీతో మాట్లాడటం మానేస్తుంది. ఈస్టర్ సెలవులతోనూ, యుద్ధాల్లో పోయిన సైనికుల్ని తలుచుకునే ఏప్రిల్ 25 ఆన్జాక్ డేతోనూ ఢీకొట్టకుండా చూసుకోండి.

రికార్డు సంస్థకు ముందుగా రాయండి

గిన్నిస్ వాళ్ళకు దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. మామూలు దారిలో జవాబుకు 12 వారాల దాకా పట్టొచ్చు. డబ్బు కడితే త్వరగా చూస్తారు. న్యాయనిర్ణేతను పిలిపించుకోవడం ఖరీదైన వ్యవహారం, తప్పనిసరి కాదు. సాక్ష్యాలు సరిగ్గా పంపితే చాలు. సేవాకార్యం కోసం చేస్తున్న జాతరలో ఆ డబ్బు మిగుల్చుకోవడమే నయం.

ఒప్పుకుంటే నియమాల పత్రం పంపుతారు. దాన్ని మూడుసార్లు చదవండి. వాహనాల ఊరేగింపు రికార్డులకు మామూలుగా 3.2 కిలోమీటర్లు కదలాలంటారు, బండికీ బండికీ మధ్య ఖాళీ రెండు బళ్ళ పొడవు దాటకూడదంటారు. జనం కూడే రికార్డుల్లో యాభైమందికి ఒక పర్యవేక్షకుడు ఉండాలంటారు. మీ పత్రంలో ఏముంటే అదే వేదం. నేను కింద వేసే లెక్కలు ఈ మామూలు నియమాల మీద వేసినవి.

కాగితం మీద ఊరేగింపు

లక్ష్యం 1,528 యూట్లు అనుకుందాం.

ముందు నిలిపే చోటు. తలుపు తెరవడానికి, కుక్క దిగి తిరగడానికి, మధ్యలో దారికి కలిపి బండికి 30 చదరపు మీటర్లు వేసుకోండి. మొత్తం సుమారు 45,800 చదరపు మీటర్లు, మన లెక్కలో పదకొండు ఎకరాల పైమాట. ఓవల్ ఒక్కటే చాలదు. పక్కన కోత కోసిన మడి ఎవరిదైనా ఉందేమో కనుక్కోండి. ధాన్యం సేకరణ కేంద్రం వాళ్ళనూ అడిగి చూడండి, వాళ్ళకు గట్టి నేల ఉంటుంది.

తర్వాత గేటు. బండి కాగితాలు, కుక్క మైక్రోచిప్, డబ్బు, స్టిక్కర్, అన్నీ గేటు దగ్గరే చూడాలంటే బండికి రెండు నిమిషాలు. పది వరసలు పెట్టినా ఐదు గంటలు దాటుతుంది. అదే ముందే ఆన్‌లైన్‌లో పేర్లు రాయించుకుని, నంబరు స్టిక్కర్ పోస్టులో పంపేస్తే గేటు దగ్గర అరనిమిషం పని. అవే పది వరసల్లో గంటా పదహారు నిమిషాల్లో అయిపోతుంది. ఈ ఒక్క మార్పు దగ్గరే జాతర నిలబడేదీ కూలేదీ.

ఇక కదలిక. గంటకు 10 కిలోమీటర్ల వేగం, ఐదు సెకన్లకొక బండి. అంటే బండి మూతి నుంచి వెనక బండి మూతికి దాదాపు 14 మీటర్లు. యూట్ పొడవు 5.3 మీటర్లు తీసేస్తే మధ్య ఖాళీ ఎనిమిదిన్నర మీటర్లు, నియమానికి లోపలే. మొదటి బండి కదిలాక ఆఖరి బండి వంతు రావడానికి 2 గంటల 7 నిమిషాలు. ఒక్కో బండి 3.2 కిలోమీటర్లు పూర్తి చేయడానికి 19 నిమిషాలు.

ఇప్పుడు కుక్క వైపు నుంచి చూడండి. పొద్దున ఏడింటికి ఊళ్ళోకొచ్చి, తొట్టిలోనే కట్టేసి ఉంచి, పదింటికి ఊరేగింపు మొదలై, తన వంతు మధ్యాహ్నం పన్నెండింటికి వస్తే ఆ కుక్క ఐదు గంటలు ఇనప తొట్టిలో నిలబడినట్టు. పక్క తొట్టిలో ముక్కూ మొహం తెలియని ఇంకో కుక్క. ఐదో గంటకు ఎవరికైనా తిక్క పుడుతుంది.

అందుకని బళ్ళను యాభై చొప్పున జట్లుగా విడగొట్టండి. 31 జట్లు, ఆఖరి దాంట్లో 28 బళ్ళు. జట్టుకొక రంగు జెండా, ఒక పర్యవేక్షకుడు. ఒక జట్టు బయలుదేరడానికి నాలుగు నిమిషాల పది సెకన్లు. మీ వంతుకు రెండు జట్ల ముందు మైకులో పిలుపు వస్తుంది. అప్పటిదాకా కుక్క నేల మీద నీడలో, దాని తాడు మీ చేతిలో. పిలిచాకే తొట్టిలోకి. అలా చేస్తే ఏ కుక్కా దాదాపు అరగంటకు మించి తొట్టిలో ఉండదు. పర్యవేక్షకుడి లెక్క యాభై, జట్టు యాభై కాబట్టి రికార్డు సంస్థ అడిగే లెక్కా దానంతటదే కుదురుతుంది.

మార్షల్స్‌గా ఎవర్ని పెట్టాలి? కోతల కాలంలో ధాన్యం లారీలను తూకం దగ్గర వరస పెట్టించే మనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళకు కేకలేయడం వచ్చు, రివర్స్ చేయించడం వచ్చు, ఓపికా ఉంది. నగరం నుంచి ఈవెంట్ కంపెనీని రప్పించే ముందు వాళ్ళింటికి ఓ పెట్టె బీరు పంపండి.

కుక్కల ఏర్పాట్లు

ఇక్కడ పొదుపు చేయకండి.

తొట్టిలో కుక్కను కట్టే పద్ధతి చాలామందికి తెలుసు, చాలామంది తప్పుగానే కడతారు. మెడ పట్టీకి కాదు, ఛాతీకి వేసే హార్నెస్‌కు కట్టాలి. గొలుసు రెండు కొసలా తిరిగే కొక్కెం ఉండాలి, లేకపోతే మెలిపడుతుంది. కట్టే చోటు డ్రైవర్ గది వెనక గోడకు దగ్గరగా, మధ్యలో. పొడవు ఎంతుండాలంటే కుక్క నిలబడాలి, పడుకోవాలి, పక్క అంచు మీదుగా ముందుకాళ్ళు బయట పెట్టలేకపోవాలి. అంచు దాటి దూకి గొలుసుకు వేలాడి చచ్చిపోయే కుక్కలు ఈ పొడవు తప్పు వల్లే పోతాయి. న్యూ సౌత్ వేల్స్ చట్టం ప్రకారం తెరిచిన బండిలో కుక్కను కట్టాలి, లేదా బోనులో ఉంచాలి. మందను తోలే పనిలో ఉన్న కుక్కకే మినహాయింపు. విక్టోరియాలో ఎండ 28 డిగ్రీలకు చేరితే ఇనప తొట్టిలో వేడి తగలకుండా పరుపు పరచాలని నియమం. మీ రాష్ట్రం నియమం ఏదైనా, మీ జాతర నియమంగా ఈ రెండూ పెట్టుకోండి. పాత కార్పెట్ ముక్కలు చాలు. ఊళ్ళో ఇల్లు బాగుచేయించుకుంటున్న వాళ్ళను అడిగితే దొరుకుతాయి.

నీళ్ళు. ఇరవై కిలోల కుక్క మామూలు రోజున లీటరు దాకా తాగుతుంది. తిరుగుళ్ళు, ఆరాటం, ఎండ కలిపి రెండు లీటర్లు వేసుకోండి, మొత్తం మూడువేల లీటర్లు. ఊరి అగ్నిమాపక వాలంటీర్ల ట్యాంకు ఒక్కటి సరిపోవచ్చు. నీళ్ళ తొట్లు అన్ని కుక్కలకూ కలిపి పెట్టకండి, ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకోవాలి. అందరూ ఒకే తొట్లో తాగితే కుక్క నుంచి కుక్కకు అంటుకునే పార్వో జబ్బును ఊళ్ళోకి మీరే పిలిచినట్టు. టీకా కాగితం అడగండి. ఎదకొచ్చిన ఆడకుక్కల్ని తేవద్దని పోస్టర్ మీద పెద్దక్షరాలతో రాయండి. ఇది మొహమాటపడే విషయం కాదు.

పశ్చిమ ఆస్ట్రేలియాలో 2015 నవంబర్ నుంచి కుక్కలకు మైక్రోచిప్ తప్పనిసరి. కాబట్టి పశువైద్యుల దగ్గర్నుంచి ఒక రీడర్ తెచ్చి పెట్టుకోండి, తప్పిపోయిన కుక్క యజమాని నిమిషంలో దొరుకుతాడు. తప్పిపోవడం ఖాయం. కెల్పీలు, బ్లూ హీలర్లు మందను తోలడానికి పుట్టిన జాతులు. ఊరి చివర గొర్రెల వాసన తగిలితే ఏం చేస్తాయో చెప్పక్కర్లేదు.

బయటి ఊరివాళ్ళకు తెలియని ప్రమాదం ఒకటుంది. నక్కల కోసం రైతులు 1080 అనే విషం పెట్టిన మాంసపు ఎరలు పొలాల గట్ల మీద వేస్తారు. వేసవి చివర, శరదృతువు మొదట్లో ఇవి ఎక్కువ. ఈ విషం ఇక్కడి కొన్ని అడవి మొక్కల్లో సహజంగానే ఉంటుంది కాబట్టి స్థానిక జంతువులు చాలావరకు తట్టుకుంటాయి. కుక్క తట్టుకోదు, విరుగుడు మందూ లేదు. మీ జాతర ఏప్రిల్‌లో అయితే చుట్టుపక్కల ఎవరెవరు ఎరలు వేశారో ముందే కనుక్కుని మ్యాపు మీద గుర్తుపెట్టండి. ఆ వైపు కుక్కల్ని నడిపించొద్దని మైకులో గంటకోసారి చెప్పించండి.

ఇంకో మాట. ఇది గొర్రెల ప్రాంతం. పచ్చి మాంసం తినే కుక్కల్లో బద్దెపురుగు ఉంటే దాని గుడ్లు గడ్డి మీద పడి, ఆ గడ్డి మేసిన గొర్రె మాంసం పాడవుతుంది. జాతరకు ముందు బద్దెపురుగు మాత్ర వేయించి తీసుకురమ్మని చెప్తే పొలం ఇచ్చిన రైతు మీకు మళ్ళీ పొలం ఇస్తాడు.

వడదెబ్బకు ఒక నీడ పందిరి, అందులో పశువైద్యుడో నర్సో, నీళ్ళు, ఫ్యాను. ఒళ్ళు తడిపి గాలి తగిలేలా చేయాలి. తర్వాతే ఆసుపత్రికి.

రోడ్డు, అనుమతులు

రోడ్డు మూయాలంటే షైర్ కౌన్సిల్ (మన మండల పరిషత్తు లాంటిది), పోలీసులు, పెద్ద రోడ్డయితే మెయిన్ రోడ్స్ శాఖ. ట్రాఫిక్ ప్రణాళిక అర్హత ఉన్నవాళ్ళే గీయాలి, దానికి ఖర్చుంది. బీమా రెండుకోట్ల డాలర్లకు అడగడం మామూలు. అంబులెన్సు దారి ఒకటి పూర్తిగా ఖాళీగా ఉంచండి. పల్లెల్లో అంబులెన్సు నడిపేది చాలాచోట్ల సెయింట్ జాన్ అంబులెన్సు సంస్థ వాలంటీర్లే. ఆ రోజు వాళ్ళలో సగంమంది తమ కుక్కను తెస్తామంటారు. ఎవరు డ్యూటీలో ఉంటారో నెల ముందే తేల్చండి.

డబ్బు ఎవరికి, ఎలా

ఎవరి కోసమో ముందే ఒక్క పేరు చెప్పండి. పల్లెల్లో ఎక్కువమంది చేయి జేబులోకి పోయేది రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ అంటే. మారుమూల ఊళ్ళకు విమానంలో వైద్యం అందించే సేవ అది, 1928లో క్వీన్స్‌లాండ్‌లోని క్లాంకరీలో ఒకే ఒక విమానంతో మొదలైంది. పొలంలో చేయి విరిగినవాడికి అది దాతృత్వం కాదు, అవసరం. ఎవరికిచ్చినా ముందు వాళ్ళ లిఖిత అనుమతి తీసుకోండి, రాష్ట్రంలో చందాల వసూలుకు కావలసిన లైసెన్సు సంగతి అడగండి. లాటరీ టికెట్లకు నియమాలు వేరుగా ఉంటాయి.

బండికి 20 డాలర్లు పెట్టారనుకోండి, 1,528 బళ్ళకు 30,560 డాలర్లు. వినడానికి బాగుంది. ట్రాఫిక్, బీమా, మరుగుదొడ్లు, కంచె కలిపితే అందులో ఎంత మిగులుతుందో ముందు కాగితం మీద వేసి చూడండి. ఖర్చులు స్పాన్సర్ల దగ్గర రాబట్టి, "ప్రవేశ రుసుం మొత్తం సేవకే" అని చెప్పగలిగితే జనం నమ్ముతారు. ప్రవేశ రుసుం విరాళం కాదు, దానికి పన్ను మినహాయింపు రాదు. రెండు డాలర్లో అంతకు పైనో విడిగా ఇచ్చినదానికి వస్తుంది, అదీ ఆ సంస్థకు పన్ను మినహాయింపు హోదా ఉంటేనే. రసీదు మీద ఈ తేడా స్పష్టంగా ఉండాలి. సాసేజ్ కాల్చే దుకాణం ఊరి స్కూలువాళ్ళకు వదిలేయండి, అది వాళ్ళ హక్కు. నగదు ఎప్పుడూ ఇద్దరు కలిసి లెక్కపెట్టి ఇద్దరూ సంతకం పెట్టాలి. మిత్రులైనా సరే, మిత్రులైతే మరీనూ.

ఆ రోజు లెక్కింపు

బయలుదేరే గీత దగ్గర ఒక సాక్షి, ముగింపు గీత దగ్గర ఇంకో సాక్షి. ఇద్దరూ కమిటీకి, షైర్‌కు సంబంధం లేనివాళ్ళయి ఉండాలి. పక్క ఊరి పోస్టుమాస్టరో, బ్యాంకు మేనేజరో దొరికితే మంచిది. రెండు గీతల దగ్గరా మొదటి బండి నుంచి ఆఖరి బండి దాకా ఎక్కడా ఆపకుండా, కోయకుండా తీసిన వీడియో. కెమెరా బ్యాటరీ రెండు గంటల ఏడు నిమిషాలు ఉంటుందా? ముందురోజు పెట్టి చూడండి. ఛార్జర్ తగిలించినా చూడండి.

పర్యవేక్షకుడి కాగితంలో యాభై గళ్ళు. బండి నంబరు, తొట్టిలో కుక్క కనిపించిందా, గీత దాటిందా. దారిలో ఆగిపోయిన బండి, కుక్క దూకిన బండి, ముందు బండికి మరీ దూరం పడిన బండి కొట్టివేయాలి. ఇక్కడే మొహమాటం వస్తుంది. స్పాన్సర్ బండి చెడిపోతే ఎవరు కొట్టేస్తారు? ఆ పని బయటి సాక్షికి అప్పగించండి. చెడిపోయే వాటికోసం లక్ష్యం మీద వందైనా అదనంగా పేర్లు రాయించుకోండి.

రెండు గీతల లెక్కలూ కలవకపోతే తక్కువ సంఖ్యనే ప్రకటించండి. అది కూడా "ఇంకా ఖరారు కాలేదు" అని చెప్పి. మైకు పట్టుకున్నవాడికి ఇది ముందే గట్టిగా చెప్పాలి. వాడు ఉత్సాహంలో రికార్డు కొట్టేశామని అరిచాడంటే మర్నాడు పేపర్లో అదే వస్తుంది, మూడు నెలల తర్వాత సవరణ ఎవరూ చదవరు.

సాయంత్రం కాగితాలన్నీ జట్టు నంబరు వరసలో పెట్టి ఫొటో తీసి, రెండు డ్రైవుల్లో వీడియోలు దాచి, అసలు కాగితాలు కమిటీలో లేనివాళ్ళ ఇంట్లో బీరువాలో పెట్టించండి. మర్నాడు పొద్దున ఆరింటికి ఇరవైమంది, ఇరవై పారలు, మందపాటి సంచులు. పదకొండు ఎకరాల్లో వెయ్యిన్నర కుక్కలు తిరిగాయి. వారం తర్వాత అక్కడే పిల్లల ఫుట్‌బాల్ ఉంది.